అప్ప చెప్పడానికి వెళ్లిన మాట

ఆదివారం పొద్దున మా గేటు ముందు చేపల గంప దించిన మనిషిని అంతకుముందు నేను చూడలేదు. ఏ ఊరని అడిగితే చెప్పింది. అప్ప ఊరే.

"అప్పకెలా ఉంది?" అన్నాను.

ఆమె గంప మీది తడి గోనె తీస్తూ, "అప్పేటమ్మా? పోయి నెల్లాళ్లయిపోనాది. మీకు తెల్దా?" అంది.

నోట్లో పుండు లేచి, గంప మానేసి, ఇంటిపట్టున ఉంటోందని తెలుసు. విశాఖ ఆసుపత్రికి ఒకసారి నేనే తీసుకెళ్లాను. ఇక చేసేదేమీ లేదని అక్కడి డాక్టరు నాతో చెప్పిన మాట ఆమెకి నేను చెప్పకుండానే అర్థమైంది. అయినా పోయిందని ఇలా గుమ్మంలో నిలబడి వినాల్సి వస్తుందనుకోలేదు. ఆ పూట చేపలు కొన్నాను కానీ వండలేకపోయాను.

అప్ప అంటే మావైపు అక్క. ఆమెని అలా పిలవాల్సినవాడు నిజానికి ఒక్కడే, ఆమె తమ్ముడు. వాడు పుట్టిన పురిట్లోనే తల్లి పోతే, వాణ్ణి ఈమే పెంచింది. పెళ్లయి అత్తవారింటికి వాణ్ణి చంకనేసుకునే వెళ్లింది. పిల్లాణ్ణి తండ్రి దగ్గర వదిలేసి రమ్మన్నారు వాళ్లు. చంకనేసుకునే తిరిగి వచ్చేసింది. మళ్లీ వెళ్లలేదు. తమ్ముడి పిలుపే పోనుపోను ఊరందరి పిలుపూ అయింది. తెల్లజుట్టు ముసలాళ్లు కూడా అప్పా అనే పిలిచేవారు.

ఎచ్చెర్లలో మా వీధికి ఆమె వచ్చేనాటికే యాభై దగ్గరపడుతున్న మనిషి. వీధిలో కేక వెయ్యదు. గేటు గొళ్లెం మీద వేలి కణుపుతో రెండు దెబ్బలు కొట్టి నిలబడుతుంది. బేరం మొదలెడితే మన మొహం చూడదు, చేప మొహం చూస్తుంది. "ఇంత రేటా?" అంటే చేపనే అడిగినట్టు, "ఏటే, నువ్వు సెప్పు మరి" అంటుంది. అమ్మకం అయ్యాక మా వెనకగుమ్మం మెట్టు మీద కూర్చుని చుట్ట వెలిగించి, నిప్పున్న కొస నోట్లో పెట్టుకునేది. మా తీరంలో ఆ వయసు ఆడవాళ్లకి అడ్డపొగ కొత్త కాదు. నేను నర్సుని కాబట్టి వద్దని పోరేదాన్ని. "బయట గాలికి ఆరిపోతాది సిస్టరమ్మా, లోపలయితే సల్లగుంటాది" అనేది. నిప్పు చల్లగా ఎలా ఉంటుందో ఆమెకే తెలియాలి.

తమ్ముడు వేట మానేసి వెల్డింగు నేర్చుకుని గల్ఫ్‌కి వెళ్లాడు. ఏ దేశమో ఇక్కడ రాయను. తర్వాత నడిచిన కేసు తెలిసినవాళ్లు మా జిల్లాలోనూ, పక్క జిల్లాలోనూ ఉన్నారు. పనివాళ్ల క్యాంపులో అతనితో పాటు ఒకే గదిలో ఉన్నవాడు గజపతినగరం దగ్గర ఒక పల్లె రైతుబిడ్డ. ఇద్దరూ కలిసి వండుకునేవారు. శుక్రవారం సెలవు కాబట్టి ఆ రోజు ఫోన్‌లో ఇద్దరూ కనిపించేవారు. అప్ప ఒకసారి మా మెట్టు మీద కూర్చునే మాట్లాడింది. ఫోను అద్దంలా పట్టుకుని, మాట వినాల్సినప్పుడల్లా చెవికి ఆనించుకునేది. అవతల తమ్ముడు నవ్వుతున్నాడు. వాడి భుజం మీంచి ఇంకో మొహం తొంగిచూసి, "అప్పా, మొన్న పంపిన నెత్తళ్లు ఈడొక్కడే తినేస్తన్నాడు. నాకు ఏరేగా కట్టి పంపు" అంది. ఆ తర్వాత ఎవరు అటు వెళ్తున్నా అప్ప ఎండుచేపలు రెండు పొట్లాలు కట్టేది.

ఒక ఎండాకాలం ఆ గదిలోనే గొడవ జరిగింది. రైతుబిడ్డ చేతికందిన ఇనపముక్కతో కొట్టాడు. తమ్ముడు ఆసుపత్రికి చేరకముందే పోయాడు. గొడవ దేనికో ఎవరూ సరిగ్గా చెప్పలేదు. స్నానం వంతు గురించి అని ఒకరు, కూర మాడిందని ఒకరు. శవం కేసులో ఉండిపోయి, చివరికి అక్కడే పూడ్చేశారు.

ఆ దేశంలో ఒక పద్ధతి ఉంది. హత్య చేసినవాడికి మరణశిక్ష వేస్తారు. పోయినవాడి వారసులు క్షమించామంటే ప్రాణం తియ్యరు, కొన్నేళ్లు జైల్లో ఉంచి పంపేస్తారు. పరిహారం తీసుకుని క్షమించే వీలూ ఉంది. తండ్రి ఎప్పుడో పోయాడు కాబట్టి, పెళ్లికాని తమ్ముడికి వారసురాలు అప్ప ఒక్కతే.

పెద్దమనుషులు కాగితాలు పట్టుకుని వచ్చారు. అక్కడి తెలుగువాళ్ల సంఘం మనిషి ఫోన్‌లో మాట్లాడాడు. క్షమించినా, లేకపోయినా వేలిముద్ర చాలు, ఆమె కదలక్కర్లేదని అందరూ చెప్పారు. అప్ప ఒప్పుకోలేదు.

"ఇంటికాడ కూకొని కాయితం మీద ఏలెట్టి మనిషిని సంపీడం, బతికించీడం నా వల్ల కాదు. ఆడ, ఆడి ముందల నిలబడి సెప్తాను."

"ఏమని చెప్తావప్పా?" అని ఒక పెద్దాయన అడిగాడు.

"ఆడ సెప్తాను."

ఎంత అడిగినా అదే. ఆఖరికి సంఘంవాళ్లే టికెట్ ఏర్పాటు చేస్తామన్నారు. ఒక ప్రాణం నిలబెట్టడానికి పంపుతున్నారో, తియ్యడానికి పంపుతున్నారో వాళ్లకే తెలియదు.

మర్నాడు ఆమె మా ఇంటికి వచ్చింది. ఖాళీ గంప బోర్లించి మెట్టు మీద కూర్చుంది. నేను ఆ దేశంలో ఆసుపత్రిలో పనిచేసి వచ్చానని ఆమెకి తెలుసు.

"సిస్టరమ్మా, ఆడ ఎలాగుండాలో నాకు నేర్పు. ఎలా కూకోవాల, ఎలా నడవాల, ఎవులికి దణ్ణమెట్టాల, అంతా. ఈ సేపలమ్ముకునేదానికి ఏటి తెలుసని ఆల్లు నవ్వకూడదు. నవ్వితే నాను సెప్పే మాట ఎవులు ఇంటారు?"

అలా మొదలైంది.

పాస్‌పోర్టు ఆఫీసులో మొదటి అడ్డు వచ్చింది. మిషను ఆమె వేలిముద్రలు తీసుకోలేదు. ఏళ్ల తరబడి ఉప్పు, పొలుసు, కత్తిపీట కలిసి వేళ్ల మీది గీతలు తినేశాయి. కౌంటరులో అమ్మాయి తడిగుడ్డతో తుడిచి, ఒత్తి, మళ్లీ ఒత్తి విసిగిపోయింది. అప్ప తన వేళ్లు మొహం దగ్గర పెట్టుకుని చూసుకుంది. "ఈ ఏలిముద్రే ఎయ్యమన్నారు గదా కాయితం మీద. గీతలే నేనిదాన్ని, ఎలా ఏద్దును?" అని నవ్వింది. తమ్ముడు పోయాక ఆమె నవ్వడం అప్పుడే చూశాను. చూడ్డానికి బాగోలేదు ఆ నవ్వు. ఆ ఆఫీసు చుట్టూ మరికొన్నిసార్లు తిరిగాక పని అయింది.

తర్వాత మా ఇంట్లో చదువు. విమానంలో బెల్టు ఎలా పెట్టుకోవాలో మా కారులో నేర్పాను. కమోడు చూపిస్తే, "దీని మీద కుర్చీలో కూకున్నట్టు కూకోవాలా? సిగ్గు నేదా?" అంది. అడ్డపొగ విమానంలో కుదరదంటే చాలాసేపు ఆలోచించి, "నిప్పు నోట్లోనే గదా ఉంటాది, ఆల్లకెలా అవుపడతాది?" అని అడిగింది. పట్టుకుంటే జైల్లో వేస్తారని చెప్పాను. "అక్కడొకడున్నాడు గదా, సాలు" అంది.

మొగవాళ్లతో మాట్లాడేటప్పుడు గొంతు తగ్గించమన్నాను. ఎడంచేత్తో ఏదీ ఇవ్వొద్దన్నాను. ఎవరి కాళ్లకీ దణ్ణం పెట్టొద్దని, జడ్జి ముందు కూడా చేతులు జోడించక్కర్లేదని చెప్పాను. తల ఊపుతూ విన్నది. చెప్పినవన్నీ ఇంటికెళ్లి ఒంటరిగా చేసుకునేదని పక్కింటివాళ్లు తర్వాత చెప్పారు.

నా దగ్గర పాత నల్లగౌను ఒకటుంది, అక్కడి ఆడవాళ్లు పైన వేసుకునేది. బయటివాళ్లు వేసుకోవాలన్న పట్టింపు ఇప్పుడు లేకపోయినా కోర్టుకి అది మంచిదని సంఘంవాళ్లు చెప్పారు. అప్ప దాన్ని చీర మీదే వేసుకుని, అలవాటు కొద్దీ కుచ్చెళ్లు పైకెత్తి బొడ్లో దోపబోయింది. దించాను. తలకి గుడ్డ చుట్టాను. అద్దంలో చూసుకుని నిలబడిపోయింది.

"ఇలాగెల్తే నానెవులో ఆడికెలా తెలుస్తాది?"

"మొహం కనబడుతుందప్పా."

"మొగం కాదు. నాను మా తమ్ముడి అప్పనని తెలవాల గదా ఆడికి."

అదే సమయంలో ముందు గుమ్మంలో అలికిడైంది. చెప్పులు విడిచి ఒక పడుచమ్మాయి లోపలికి వచ్చింది. అప్ప ఊళ్లో అడిగితే మా ఇంటి గుర్తులు చెప్పారట. ఎండకి కందిపోయిన మొహం, చేతిలో చిన్నపిల్ల. గదిలో ఇద్దరం ఆడవాళ్లం. ఆమె మమ్మల్ని మార్చి మార్చి చూసి, వచ్చి నా కాళ్ల మీద పడిపోయింది.

"అప్పా, నా మొగుణ్ణి సంపీయకప్పా. పొలం అమ్మీసి ఇస్తాము. ఈ గుంటకి నాన్న నేకుండా సెయ్యకు."

నేను వెనక్కి జరిగాను. అప్ప వైపు చెయ్యి చూపించాను. ఆ అమ్మాయి నల్లగౌను వైపు తిరిగి చూసి బిగుసుకుపోయింది. అప్ప మెల్లగా తలగుడ్డ విప్పింది.

"నానే" అంది. "కాళ్లు ముట్టుకోకు. ఆడే నిలబడు."

పిల్ల ఏడవడం మొదలుపెట్టింది. అప్ప పిల్ల వైపు చూడలేదు.

"నీ మొగుడు ఎందుకు కొట్టినాడో నీకు సెప్పినాడా?"

"నేదప్పా. జైల్లోంచి పోనొస్తే ఏడుపే. ఇంకేటీ సెప్పడు."

"అయితే ఎల్లు. ఏడుపు నా కాడా ఉన్నాది." తర్వాత ఇంకో మాట అంది. "పొలం అమ్మకు. అమ్మీసి పిల్లకేటి పెడతావు? నా నోట ఏ మాటొచ్చినా నీ పొలం దానికి అడ్డం రాదు."

ఆ అమ్మాయి కాసేపు కూర్చుని, పిల్లకి మంచినీళ్లు పట్టించి లేచింది. వాళ్లు వెళ్లాక పిల్ల తాగి వదిలిన మంచినీళ్ల గ్లాసు అప్పే కడిగి బోర్లించింది.

కోర్టు ఎలా ఉంటుందో తెలియాలని ఒక మధ్యాహ్నం నేను భోజనాల బల్ల వెనక కూర్చున్నాను, జడ్జిలా. ఆమెని ఎదురుగా నిలబెట్టాను. ఆమె తెలుగులో చెప్తే పక్కనున్న మనిషి దాన్ని అరబీలో చెప్తాడని వివరించాను.

"ఆడు నా మాట మార్చీసి సెప్తేనో?"

"మార్చడప్పా. ప్రమాణం చేసి చెప్తాడు."

"సరే. నాకు ఏడుపొస్తే, దాన్ని ఏటని సెప్తాడు?"

జడ్జి గొంతుతో, "నువ్వు ఏం కోరుతున్నావు?" అని అడిగాను. ఆమె నోరు తెరిచింది. మూసేసింది. మళ్లీ అడిగాను. ఈసారి బల్ల మీద చెయ్యానించి, "సంపీమని" అంది, గాలి పీల్చుకున్నంత చిన్నగా. తర్వాత, "అబ్బే, ఇలగ కాదు. గట్టిగా సెప్పాల" అంటూ మళ్లీ నిలబడింది. రెండోసారి మాటే రాలేదు.

అప్పుడు తెలిసింది నాకు, ఆమె అక్కడికి దేనికి వెళ్తోందో. ఆపాలని అనిపించలేదు. చంపమనడం తప్పని ఆమెతో చెప్పే హక్కు నాకుందనీ అనుకోలేదు. ఆమె నేర్పమన్నది నేర్పాను, అంతే.

వెళ్లేముందు సంచి సర్దేటప్పుడు అందులో నెత్తళ్ల పొట్లం కనిపించింది. తమ్ముడి సమాధి దగ్గర పెట్టాలంది. తిండి వస్తువులు దిగాక పట్టుకుంటారు, ఊరికే గొడవ, వద్దన్నాను. మారుమాట లేకుండా తీసి నా చేతికిచ్చింది. విశాఖ విమానాశ్రయంలో అద్దం తలుపుల అవతల ఆమె నల్లగౌను మనుషుల్లో కలిసిపోయేదాకా చూశాను. చుట్టూ ఉన్నవాళ్లంతా చక్రాల పెట్టెలు లాక్కుంటూ వెళ్తుంటే, ఆమె తన సంచిని నెత్తిన పెట్టుకుని, మెడ నిటారుగా పెట్టి నడిచింది. సంచి చేత్తో పట్టుకోమని నేర్పడం మర్చిపోయాను.

తిరిగొచ్చాక ఏం జరిగిందో ఒక్కసారిగా చెప్పలేదు. చాలా వారాలపాటు, మా వెనకమెట్టు మీద చేపలు కోస్తూ, కొంచెం కొంచెం చెప్పింది.

మొదట సమాధుల దగ్గరికి తీసుకెళ్లారట. గోడ కట్టిన ఇసకనేల, రాళ్లు, రాళ్ల మీద అంకెలు. వాడి రాయి ఏదో చూపించే మనిషి ఆ రోజు రాలేదు. జాకెట్లో దాచి తీసుకెళ్లిన ఇంకో పొట్లం ఉందట ఆమె దగ్గర. గోడవార చేపలు పెట్టింది. "కాకి కోసం సూసినాను. ఎక్కడా కాకి నేదు. ఒక పిల్లి వొచ్చి తినీసింది. తిన్నీ, ఏదోటి" అంది.

కోర్టులో ఆ రైతుబిడ్డని తీసుకొచ్చి నిలబెట్టారు. కాళ్లకి సంకెళ్లు. తల ఎత్తలేదు. జడ్జి అడిగాడు, ఏం కోరుతున్నావని. "ఆణ్ణి ఒక మాట అడగనిస్తారా?" అని అప్ప అడిగింది. అడగమన్నాడు.

"ఎందుకు కొట్టినావురా అన్నాను. ఆడు నా గొంతు ఇని తలెత్తినాడు. 'తెల్దప్పా' అన్నాడు. 'సెయ్యి లేసిపోనాదప్పా. ఆడు లెగుస్తాడనుకున్నానప్పా' అన్నాడు."

అక్కడ ఆపి కత్తిపీట మీద చేప తోక తెంచింది.

"అప్పా అనకుండా ఉంటే సెప్పీసీదాన్ని సిస్టరమ్మా. గట్టిగా సెప్పాలని ఊపిరి పట్టుకొనే ఉన్నాను. ఆ పిలుపు ఇనేసరికి నోరు పడిపోనాది. ఆడిని సంపొద్దని సెప్పీసినాను."

"క్షమించావన్నమాట" అన్నాను.

ఆమె చేప వదిలేసి మొదటిసారి నా మొహంలోకి చూసింది. "ఆల్లూ అదే రాసుకున్నారు. నాను ఆడి తప్పు ఒగ్గీనేదు. సంపమని నోరు రానేదు, అంతే. ఒగ్గీడం ఏరు, నోరు రాకపోడం ఏరు. ఆ తేడా తెలుగోడికే సెప్పలేకపోనాను. అరబీలో ఎవులు సెప్తారు?"

పరిహారం వద్దని కూడా అక్కడే చెప్పేసింది. ఊళ్లో ఆ మాట ఎవరూ నమ్మలేదు. ఆ ఏడాదే ఆమెకి ప్రభుత్వ కాలనీలో ఇల్లు వచ్చింది. స్లాబు పడగానే, తమ్ముణ్ణి అమ్ముకుని ఇల్లు కట్టిందన్నారు. రేవులో చేపల వేలం పాటకి వస్తే పక్కకి జరిగేవారు. చంపించి ఉంటే మెచ్చుకునేవాళ్లేమో, తెలియదు. ఆమె ఎవరికీ సంజాయిషీ చెప్పుకోలేదు. మా వీధికి మాత్రం వచ్చేది. గొళ్లెం మీద కొట్టే దెబ్బలు రెండు నుంచి ఒకటయ్యాయి.

కొన్నేళ్లకి ఆ రైతుబిడ్డని జైలు నుంచి వదిలేశారు. అతని భార్య కొత్తచీర పట్టుకుని కబురు చెప్పడానికి వస్తే అప్ప తలుపు తియ్యలేదని విన్నాను.

నోట్లో పుండు మొదలైన రోజుల్లో, మందులివ్వడానికి ఒక మధ్యాహ్నం నేను ఆమె ఊరు వెళ్లాను. మాట అప్పటికే ముద్దగా వస్తోంది. లోపల కూర్చుని ఉండగా, బయట ఇసకలో ఎవరో నిలబడ్డట్టు నీడ కదిలింది. అప్ప కిటికీ సందులోంచి ఒక్కసారి చూసి గోడకి జరిగి కూర్చుంది.

"ఆడే. ఎల్లిపొమ్మను."

నేను బయటికి వెళ్లాను. ఆ మనిషి చెప్పులు దూరంగా విడిచి, కాలే ఇసకలో వట్టికాళ్లతో నిలబడి ఉన్నాడు. చేతిలో ఏమీ లేదు.

"లోపలికి రావద్దంటోంది" అన్నాను.

"రానమ్మా. అప్పని ఒక్కపాలి ఆ గుమ్మంలోకి రమ్మని సెప్పండి. దూరం నుంచి సూసి ఎల్లిపోతాను."

"రాదు."

అతను తల ఊపాడు. మూసిన తలుపుకి ఎదురుగా అలాగే చాలాసేపు నిలబడి, చెప్పులు చేత్తో పట్టుకుని రోడ్డు వైపు నడిచాడు. నేను లోపలికి వచ్చాను. అప్ప కదల్లేదు.

"ఎల్లిపోనాడా?"

"వెళ్లిపోయాడు."

"తల నెరిసినట్టున్నాది. సందులోంచి సరిగ్గా అవుపడలేదు."

"నెరిసిందప్పా. చాలా."

ఆమె చెయ్యి నేల మీద కాసేపు అటూ ఇటూ కదిలింది, ఏదో వెతుక్కుంటున్నట్టు.

"మావోడికి నెరవదు" అంది.

తర్వాత గోడ పట్టుకుని లేచి, ఎండ పోకముందే ఇసకలో ఆరబెట్టిన చేపలు తిరగెయ్యాలని బయటికి వెళ్లింది.